ఎఫ్-150 బెడ్‌లో సొంతంగా చేసిన జారుడు ప్లాట్‌ఫామ్: కొన్నేళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది అరిగింది

పికప్ ట్రక్కు బెడ్‌లో, అంటే వెనక సామాను వేసే తొట్టిలో, క్యాబ్‌కి (డ్రైవరు క్యాబిన్‌కి) ఆనించి పెట్టిన సామాను తీయాలంటే మోకాళ్ల మీద పాకాలి. పైన టోనో కవర్ (బెడ్‌ని మూసే మూత) ఉంటే ఇక చెప్పక్కర్లేదు. బెడ్ మొత్తాన్ని సొరుగులా బయటికి లాగగలిగితే ఆ బాధ ఉండదు. ఈ సమీక్ష ఫోర్డ్ ఎఫ్-150, అయిదున్నర అడుగుల బెడ్‌లో బిగించిన ప్లాట్‌ఫామ్ గురించి. టెక్సస్ ఎండలో, దుమ్ములో కొన్నేళ్లుగా పనిముట్లు, క్యాంపింగ్ సామాను, బియ్యం బస్తాలు మోస్తోంది. దీన్ని చేసేటప్పుడు అందరి చూపూ ఎంత దూరం బయటికి వస్తుందన్న దాని మీదే ఉంటుంది. అసలు చూడాల్సింది లోపల ఎంత మిగులుతుందన్నది.

ముందు కొలతలు. ఈ బెడ్ నేల మీద పొడవు 67.1 అంగుళాలు, చక్రాల గూళ్ల మధ్య వెడల్పు 50.6, లోతు 21.4. నాలుగడుగుల ప్లైవుడ్ షీటు వెడల్పు కోయకుండానే గూళ్ల మధ్య పడుతుంది, రెండు పక్కలా 1.3 అంగుళాల చొప్పున ఖాళీ మిగులుతుంది. పొడవు మాత్రం 60 అంగుళాలకే ఆపాలి. దానికి కారణం ప్లాట్‌ఫామ్ కింద బిగించే పట్టాలు, వాటిలోనే చట్రానికున్న బేరింగులు చక్రాల్లా దొర్లుతాయి. ఒక ముఖం తెరిచి ఉండే 1-5/8 అంగుళాల ఉక్కు స్ట్రట్ ఛానల్ పదడుగుల కడ్డీగా వస్తుంది, మధ్యకి కోస్తే రెండు పట్టాలు వస్తాయి, వృథా లేదు. 12 గేజ్‌ది తీసుకోండి. రంధ్రాలున్న రకం వద్దు, బేరింగ్ ప్రతి రంధ్రం దగ్గరా టకటకమంటుంది.

ఛానల్‌ని పక్కకి పడుకోబెట్టి, తెరిచిన ముఖం లోపలివైపు ఉండేలా ప్లాట్‌ఫామ్ కింద రెండంచులకీ బిగించాలి. లోపలి ఎత్తు దాదాపు 35.9 మి.మీ. 35 మి.మీ. బయటి వ్యాసం ఉన్న 6202 బేరింగ్ అందులో 0.9 మి.మీ. ఆటతో (వదులుతో) సరిపోతుంది. 6202-10 అని అడిగితే 5/8 అంగుళాల బోల్టు పట్టే రంధ్రంతో వస్తుంది. రెండు పక్కలా రబ్బరు సీలున్న 2ఆర్ఎస్ రకం తప్పనిసరి. ఇండియాలో చేయించుకునేవాళ్లకి మామూలు 6202 ప్రతి మోటారు రిపేరు షాపులోనూ దొరుకుతుంది. దాని రంధ్రం 15 మి.మీ., అందులో 5/8 బోల్టు దిగదు. లేతు మీద 15 మి.మీ. పిన్ను తీయించుకోవాలి.

కింది చట్రానికి రెండు నిలువు యాంగిల్స్, 2 × 2 × 1/4 అంగుళాలవి, 60 అంగుళాల పొడవు. వాటిని మూడు అడ్డపట్టీలతో కలిపి వెల్డింగ్ చేయాలి. బేరింగ్ బోల్టులు ఈ యాంగిల్స్‌లోంచి బయటివైపుకి వస్తాయి, తలకాయ ఛానల్ లోపల, నట్టు యాంగిల్ లోపలి పక్క. బోల్టు రంధ్రం నేల నుంచి 1-5/16 అంగుళాల ఎత్తులో పడాలి. అప్పుడు ఛానల్ కింద అర అంగుళం ఖాళీ ఉంటుంది, ప్లైవుడ్ పైభాగం నేలకి మూడంగుళాల ఎత్తులో నిలుస్తుంది. యాంగిల్ బదులు 2 × 4 కర్ర వాడితే ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమే. కాకపోతే బోల్టు ఒకవైపే పట్టు మీద వేలాడుతుంది కాబట్టి కర్రలో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోతుంది. అక్కడ ఇనుమే ఉండాలి.

బేరింగులు ఒక్కో పక్కకి నాలుగు. మొదటిది టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) అంచున, రెండోది అక్కణ్నుంచి 18 అంగుళాలు లోపలికి, మిగతా రెండు సుమారు 38, 57 అంగుళాల దగ్గర. ప్లాట్‌ఫామ్ 40 అంగుళాలు బయటికి వస్తుంది, 20 లోపల ఉంటుంది. లాగి నిలబెట్టినప్పుడు మొత్తం భారం మొదటి రెండు జతల మీదే. ప్లాట్‌ఫామ్‌తో కలిపి 200 కిలోల బరువు సమంగా పరిచి ఉందనుకోండి. దాని కేంద్రం టెయిల్‌గేట్ బేరింగుకి 10 అంగుళాల బయట పడుతుంది. అప్పుడు రెండో జత కిందికి నొక్కి పట్టాల్సింది 111 కిలోలు, మొదటి జత మోయాల్సింది 311. ఒక్కో పక్కకి 156 కిలోలంటే 6202కి లెక్కే కాదు. అదే ఇంకో 10 అంగుళాలు బయటికి రావాలని రెండో బేరింగుని 8 అంగుళాల దగ్గర పెట్టారనుకోండి, ఆ లెక్కలు 500, 700 అవుతాయి. పక్కకి 350 కిలోలంటే ఈ బేరింగు స్థిరభార పరిమితి అంచుకి చేరినట్టే, గతుకో కుదుపో కలిస్తే దాటినట్టే. పూర్తిగా బయటికి వచ్చే ప్లాట్‌ఫామ్ కావాలంటే ఈ పద్ధతి వదిలేసి, మూడంచెల పట్టాలున్నది కొనుక్కోవడం మేలు.

పరిచిన సామాను కన్నా చివర కూర్చున్న మనిషి ప్రమాదం. 80 కిలోల మనిషి బయటి అంచున కూర్చుంటే రెండో జత మీద అదనంగా 178 కిలోలు పడుతుంది. పిల్లలు దాన్ని చూడగానే బల్ల అనుకుంటారు, ముందే చెప్పి ఉంచండి.

ఈ లాగుడు అంతా చివరికి చట్రం ముందు కొసని పైకి లేపుతుంది. ఆ రెండు బరువులూ కలిస్తే క్యాబ్ వైపు కొస దాదాపు 85 కిలోల బలంతో లేవబోతుంది. నేలకి రంధ్రాలు వేయకండి, కింద ఇంధనం ట్యాంకూ వైర్లూ ఉంటాయి. ముందు మూలల్లో ఫ్యాక్టరీ ఇచ్చిన కొక్కేలకి రెండు టర్న్‌బకిల్స్ (తిప్పితే బిగిసే మరలున్న కొక్కేలు) వేసి బిగిస్తే సరిపోతుంది. వెనక రెండు కూడా వేయాలి, అవి చట్రం పక్కకి జరగకుండా. టర్న్‌బకిల్ దానంతటదే వదులవుతుంది కాబట్టి లాక్ నట్టు ఉన్నదే కొనండి. 2015 నుంచి ఎఫ్-150 బెడ్ అల్యూమినియం. ఇనుప చట్రం నేరుగా దాని మీద కూర్చుంటే, తడి తగిలినచోట అల్యూమినియం తెల్లగా పొడిలా తినుకుపోతుంది. మధ్యలో రబ్బరు మ్యాట్, బిగింపుల దగ్గర నైలాన్ వాషర్లు ఉండాలి. మ్యాట్‌ని ఏడాదికోసారి ఎత్తి కింద కడగడం కూడా లెక్కలో పెట్టుకోండి.

ఛానల్‌ని ప్లైవుడ్‌కి బిగించే చోట చాలామంది ఆగిపోతారు. పైగోడలోంచి బోల్టు వేస్తే దాని తల బేరింగు దొర్లే దారిలోకి వస్తుంది. 12 గేజ్ మందం 2.7 మి.మీ. లోపే, తలని పూర్తిగా లోపలికి దించడానికి చాలదు. అందుకని 1/8 అంగుళం మందం యాంగిల్‌ని ఛానల్ వీపుకి పక్కనుంచి 1/4 అంగుళాల బటన్ హెడ్ (పొట్టి, గుండ్రటి తలున్న) బోల్టులతో బిగించి, దాని అడ్డ రెక్క మీద ప్లైవుడ్‌ని కూర్చోబెట్టాలి. బేరింగుకీ ఈ తలలకీ మధ్య మిగిలేది మూడు మి.మీ. మాత్రమే. అందుకే మామూలు హెక్స్ బోల్టు వద్దు. బేరింగు బోల్టుకి వేసే వాషర్ మందం ముందే సరిచూసుకోండి. ప్లైవుడ్ 3/4 అంగుళం. నడుమ కుంగకుండా కింద మూడు అడ్డ యాంగిల్స్, 1-1/2 అంగుళాలవి, వేయాలి. వాటి కొసలు చట్రపు నిలువు యాంగిల్స్‌కి తగలకుండా ముందే ఆపాలి.

రెండు పట్టాలూ సమాంతరంగా లేకపోతే సగం దూరంలో బిగుసుకుపోతుంది. కర్ణాలు రెండూ కొలిచి, తేడా 1/16 అంగుళంలోపు వచ్చేదాకా చివరి బోల్టులు బిగించకండి. ప్లాట్‌ఫామ్ వెనక్కి వెళ్లేటప్పుడు ఛానల్ కొస మూడో బేరింగుని గుద్దుకుంటుంది. ఆ కొస లోపలి అంచులని ఆకురాయితో ఏటవాలుగా రాస్తే మెత్తగా ఎక్కుతుంది.

ఇక అరుగుదల. ప్లాట్‌ఫామ్ లాగడం వల్ల బేరింగులు పాడవడం లేదు. మూసి ఉంచి నడిపినప్పుడే పాడవుతున్నాయి. దొర్లకుండా ఒకేచోట నిలిచి, గంటల తరబడి రోడ్డు అదురుని మోస్తే గోళీలు తమ దారిలో చిన్న చిన్న గుంటలు చేసుకుంటాయి. ఆ తర్వాత లాగితే గరగర. దీనికి మందు యూహెచ్‌ఎండబ్ల్యూ అనే, అరగని జారుడు ప్లాస్టిక్. చట్రం నాలుగు మూలల్లో దాని దిమ్మెలు, ఛానల్ కింద వాటికి ఎదురుగా ఏటవాలు ముక్కలు బిగించాలి. మూసేటప్పుడు చివరి రెండంగుళాల్లో ప్లాట్‌ఫామ్ అర మి.మీ. లేచి దిమ్మెల మీద కూర్చుంటుంది, బేరింగుల మీద బరువుండదు. 0.9 మి.మీ. ఆట వల్ల వచ్చే కటకట చప్పుడూ అక్కడితో పోతుంది. ఈ ప్లాట్‌ఫామ్‌లో తగ్గించుకోకూడనిది ఏదైనా ఒకటుందంటే అది ఈ దిమ్మెలే.

ఛానల్‌లో గ్రీజు రాయకండి, దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. ఊది శుభ్రం చేస్తే చాలు. ప్రెషర్ వాషర్ గొట్టం బేరింగుల దగ్గరికి తేవద్దు, సీలు దాటి నీళ్లు పోతాయి.

ప్లైవుడ్ పైభాగం బాగానే ఉంది, దెబ్బతిన్నది కోసిన అంచులు. ఎండకీ తడికీ తట్టుకునే స్పార్ వార్నిష్ అంచులకి మూడు పూతలు వేయాలి, రంధ్రాల లోపల కూడా. పైన కార్పెట్ అంటిస్తే తడి పట్టుకుని రోజుల తరబడి ఆరదు. పలచటి రబ్బరు షీటు మంచిది. సామాను కట్టే రింగులు ప్లైవుడ్‌కి కాదు, పక్క యాంగిల్‌కి బిగించాలి.

తాళం సంగతి. బ్రేకు వేసినప్పుడు 200 కిలోలు క్యాబ్ మీదికి, ఎత్తు ఎక్కేటప్పుడు టెయిల్‌గేట్ మీదికి వస్తాయి. టెయిల్‌గేట్‌ని తాళంగా లెక్కేయకండి. రెండు పక్కలా స్ప్రింగు పిన్నులు, మూసినప్పుడు ఒకటి, సగంలో ఒకటి, పూర్తిగా లాగినప్పుడు ఒకటి చొప్పున రంధ్రాలు. చివరి ఆపు పిన్ను మీద ఆధారపడకూడదు. బేరింగులు దొర్లే దారికి బయట, చట్రానికి వెల్డింగ్ చేసిన వేరే దిమ్మె దాన్ని ఆపాలి, దానికి రబ్బరు తొడుగు. వాలు మీద బండి ఆపి లాగేటప్పుడు ఎదురుగా నిలబడకండి, పక్కన నిలబడి లాగండి.

మొత్తం బరువు 65 నుంచి 70 కిలోలు. డ్రైవరు తలుపు స్తంభం మీది స్టిక్కరులో రాసిన పేలోడ్ (బండి మోయగల బరువు) లోంచి దీన్ని తీసేసి మిగిలిందే మీ సామానుకి. చక్రాల గూళ్ల పక్కనున్న సందులు కూడా వృథా కావు, జాకీ, తాళ్లు, నీళ్ల డబ్బాలు అక్కడ పడతాయి. పూర్తి షీట్లు, సోఫాలు తరచూ మోసేవాళ్లకి మాత్రం ఇది అడ్డమే. నాలుగు టర్న్‌బకిల్స్ విప్పి ఇద్దరు మనుషులు దించాలి.