డిస్కౌంట్ బ్యానర్ చూసి వెళ్ళా, కొటేషన్ చూసి ఆగిపోయా

కొత్త కారు కోసం మొన్న ఓ షోరూమ్‌కి వెళ్ళాను, పేరు చెప్పను గానీ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నా, కొనబోయేవాళ్ళకి పనికొస్తుందని. బయట బ్యానర్ మీద డిస్కౌంట్ అంకె ఇంత లావున ఉంది, పక్కన "వరకు" అన్న మాట మాత్రం చీమ తలకాయంత. లోపలికెళ్ళి అడిగితే అది ఒక్క డిస్కౌంట్ కాదు, నాలుగు కలిపి వేసిన మొత్తం అని తేలింది. క్యాష్ డిస్కౌంట్, పాత బండి ఇస్తే ఎక్స్‌చేంజ్ బోనస్, అదే కంపెనీ బండి ఇంతకుముందు ఉంటే లాయల్టీ, కొన్ని సంస్థల ఉద్యోగులకి కార్పొరేట్. నాకు పాత బండే లేదు, సొంత పని చేసుకుంటా, అంటే నాకొచ్చేది మొదటిదొక్కటే. అదీ పాత స్టాక్ మీదే.

పాత స్టాక్ తప్పని నేననను, అమ్ముడుపోని బండి మీద డీలర్ రోజూ వడ్డీ కట్టుకుంటాడు, అందుకే తగ్గిస్తాడు, మనకీ లాభమే. కానీ అది పాతదని ముందే చెప్పాలి కదా. "ఇప్పుడే వచ్చిందండి" అన్నారు, నేను కింద కూర్చుని ఫోన్ టార్చ్ వేసి టైరు పక్కన చూస్తే 2224 అని ఉంది, అంటే 2024లో 22వ వారంలో తయారైన టైరు. బండి తయారైన నెల ఎప్పుడో బండికి బిగించిన కంపెనీ ప్లేట్ మీద చూపించమన్నాక గానీ అది పాతదని ఒప్పుకోలేదు.

అసలు గట్టిగా చెప్పాల్సింది లోన్ గురించి. "ఏడు శాతమే సర్" అంటే సంతోషపడ్డా, తీరా అది ఫ్లాట్ రేటు! మనం నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటాం గానీ వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే పడుతుంది, ఐదేళ్ళకి లెక్కేస్తే తగ్గే బాకీ మీద దాదాపు పన్నెండున్నర శాతం. సున్నా వడ్డీ ఆఫర్ కూడా ఉందన్నారు, అది తీసుకుంటే క్యాష్ డిస్కౌంట్ పోతుందట, అలాంటప్పుడు అది సున్నా ఎలా అవుతుంది? బండి మీద డీలర్‌కి మిగిలేది తక్కువే, లోన్ కమీషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ వీటి మీదే ఎక్కువ, అందుకే ధర దగ్గర తగ్గించి ఇక్కడ రాబట్టుకుంటారు. నా కొటేషన్‌లో నేనడగని యాక్సెసరీ కిట్ ఒకటి చేర్చేసి ఉంది, తీసేయమంటే తీసేశారులెండి.

మనుషులు మర్యాదగానే ఉన్నారు, ఆ సేల్స్ కుర్రాడి మీద నాకేం కోపం లేదు, అతనికీ టార్గెట్ ఉంటుంది. టెస్ట్ డ్రైవ్ తొందరపెట్టకుండా బాగా ఇచ్చారు. కానీ అన్నీ కలిపి చివరికి ఎంత కట్టాలో కాగితం మీద రాసివ్వడానికి మూడుసార్లు అడిగించుకున్నారు. మర్యాదకి నాలుగు స్టార్లు, ధర చెప్పే పద్ధతికి ఒక్కటే. ఇంకో రెండు చోట్ల కూడా అదే మోడల్‌కి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకున్నా, కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకుంటే డీలర్‌కి విడిగా బోనస్ వస్తుంది కాబట్టి నెలాఖరున ఆ మూడు కాగితాలూ పట్టుకుని మళ్ళీ వెళ్తా.