బ్రేక్ డిస్క్ స్క్రూల కోసం కొన్న 850 రూపాయల ఇంపాక్ట్ డ్రైవర్

మా బండి 2010 హోండా సివిక్. కళ్లు సరిగా ఆనక నాన్నగారు డ్రైవింగ్ మానేశాక నా చేతికి వచ్చింది. స్పీడు 80 దాటాక బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికేది. ముందు చక్రాల బ్రేక్ డిస్కులు మార్చాలని తేలింది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే "స్క్రూలు రావండీ, డ్రిల్లు వేసి తలలు ఎగరగొట్టాల్సిందే" అన్నారు. నాకు మనసొప్పలేదు. విజయవాడ ఆటోనగర్‌లో పనిముట్ల కొట్టుకు వెళ్లి ఈ ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చుకున్నాను. కరెంటుది కాదు, సుత్తితో కొట్టే రకం.

ఈ బండిలో ముందు డిస్కును హబ్‌కు, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, రెండు ప్లస్ స్క్రూలు పట్టి ఉంచుతాయి. చక్రం బిగించాక అసలు బలమంతా వీల్ నట్లదే. అయినా ఏళ్ల తరబడి వేడికీ తుప్పుకీ ఈ చిన్న స్క్రూలే రాయిలా బిగుసుకుపోతాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే అది గాడిలోంచి పైకి జారి తలను కొరికేస్తుంది. ఇంపాక్ట్ డ్రైవర్ లోపల ఏటవాలు గాడీ, స్ప్రింగూ ఉంటాయి. వెనక సుత్తితో కొట్టగానే బిట్, అంటే స్క్రూ గాడిలో కూర్చునే కొన, లోపలికి అదుముకుంటూనే కొద్దిగా తిరుగుతుంది. అందుకే జారదు.

ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేశాను. నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చుని "అమ్మాయ్, స్టాండు పెట్టావా?" అని మూడుసార్లు అడిగారు. పెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టకూడదు.

డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే కాలిపర్ వెనక రెండు 12 నంబరు బోల్టులు తేలిగ్గానే వచ్చాయి. కాలిపర్‌ను దాని బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడనివ్వకుండా బట్టల తీగ ముక్కతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టాను. కాలిపర్ కూర్చునే బ్రాకెట్‌కున్న 17 నంబరు బోల్టులు మాత్రం పానాకు పైపు తొడిగితేగానీ కదల్లేదు.

ఇక స్క్రూల సంగతి. బిగుసుకున్న మరలు వదలడానికి రాత్రే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఉంచాను. 3 నంబరు బిట్ గాడిలో నిటారుగా ఆనించి, పిడిని విప్పే వైపు తిప్పి పట్టుకుని, బరువైన సుత్తితో గట్టిగా కొట్టాను. మొదటి మూడు దెబ్బలూ ఖంగుమన్నాయి, నాలుగో దెబ్బకు చప్పుడు మారింది. పిడి నా అరచేతిలో సన్నగా తిరిగింది. ఎడమవైపు రెండో స్క్రూ తల ముందే సగం అరిగి ఉంది. దానికి ముందుగా బిట్‌ను రెండు చిన్న దెబ్బలతో గాడిలోకి దిగ్గొట్టాల్సి వచ్చింది. ఎనిమిదో దెబ్బకు వదిలింది. నాలుగింటిలో ఒక్కదానికీ డ్రిల్లు అక్కర్లేకపోయింది.

స్క్రూలు వచ్చినా డిస్క్ హబ్‌ను వదల్లేదు. డిస్కులోనే మరలున్న రెండు ఖాళీ రంధ్రాలు ఉంటాయి. వాటిలో 8 ఎంఎం బోల్టులు వేసి, ఒకదాని తర్వాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగిస్తే టప్పుమని ఊడొచ్చింది.

లోపాలూ ఉన్నాయి. పిడి అంతా ఉత్త ఇనుము, చేతికి అడ్డు లేదు. మందమైన గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. విప్పడానికీ బిగించడానికీ ఉన్న గుర్తులు చాలా చిన్నవి, ఒకసారి చేత్తో నొక్కి ఎటు తిరుగుతోందో చూసుకోండి. పెట్టెలోని 2 నంబరు బిట్ ఈ స్క్రూల్లో వదులుగా కూర్చుంటుంది, దాంతో కొడితే తల పోయినట్టే.

తిరిగి బిగించేటప్పుడు కొత్త స్క్రూలే వేశాను, మళ్లీ పట్టేయకుండా మరలకు కొంచెం యాంటీ-సీజ్ పేస్టు రాసి. వాటిని బిగించడానికి ఈ ఇంపాక్ట్ డ్రైవర్ వాడొద్దు, మామూలు స్క్రూడ్రైవర్ చాలు. కొత్త డిస్కుల మీది నూనె బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో 108 న్యూటన్ మీటర్లకు బిగించాను. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కడం మరవకండి.

సాయంత్రం ఇబ్రహీంపట్నం దాకా వెళ్లొచ్చాం. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ కదల్లేదు. నాన్నగారు ఒక వేలితో దాన్ని తాకి చూశారు. హోండా ఉన్నవాళ్లకు ఇది కొనమనే చెబుతాను, కాకపోతే మంచి 3 నంబరు బిట్ ఒకటి విడిగా తీసుకోండి.