మా రెండంతస్తుల ఇంట్లో మెష్ వైఫై: మూడేళ్ల వాడకం తర్వాత

మాది పాతకాలపు డాబా ఇల్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన ఇంకో అంతస్తు. ఫైబర్ లాగిన అబ్బాయి తనకు వీలుగా ఉందని వైఫై బాక్సును వీధి గుమ్మం పక్కనే బిగించి వెళ్లాడు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో హాల్లో 90 వచ్చేది, పై గదిలో నాలుగు కూడా దాటేది కాదు. వంటింటి వెనక గదిలో ఉండే అమ్మ, అన్నయ్యతో వీడియో కాల్ మాట్లాడాలంటే కుర్చీ తెచ్చుకుని హాల్లో కూర్చోవాల్సి వచ్చేది. అది చూడలేకే ఈ పని మొదలుపెట్టాను.

మొదట రిపీటర్ కొన్నాను, అంటే వైఫై సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే చిన్న పరికరం. ఫోన్లో గీతలు నిండుగా కనిపించేవి, నెట్ మాత్రం నడిచేది కాదు. చవక రిపీటర్ ఒకే రేడియోతో అందుకోవాలి, దాంతోనే పంచాలి. అందుకే వేగం సగానికి పడిపోతుంది. పైగా దాన్ని సిగ్నల్ అందని గదిలోనే పెట్టాను. అందనిది అదేం పంచుతుంది?

తర్వాత రెండు బాక్సుల మెష్ తీసుకున్నాను, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే బాక్సులు. ఒకటి కింద, రెండోది మెట్ల పైన. పై గదిలో 35 దాకా వచ్చింది. ఇనుప బీరువా వెనకున్న కింది బాక్సును గూట్లోకి మార్చగానే అమ్మ గదికీ బాగా అందింది.

అసలు తేడా మాత్రం ఆర్నెల్ల తర్వాత తెలిసింది. గోడలో వాడకుండా పడివున్న కేబుల్ టీవీ పైపులోంచి క్యాట్ 6 వైరు (నెట్‌వర్క్ కేబుల్) లాగించి రెండు బాక్సుల్నీ కలిపాను. అంతే, పైన కూడా 90! వేగంగా నడిచే 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్‌కు స్లాబు దాటడం కష్టం, వైరుకు ఆ బాధ లేదు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు దయచేసి ప్రతి అంతస్తుకూ ఒక ఖాళీ పైపు వేయించుకోండి. వైరు కొనేటప్పుడు పూర్తి రాగిదేనా అని అడగండి, రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అమ్ముతారు.

లోపాలూ ఉన్నాయి. నా పాత ఫోను పైకి వెళ్లినా కింది బాక్సునే పట్టుకుని వేలాడుతుంది, వైఫై ఆపి మళ్లీ వేయాలి. నేను కొన్న మోడల్లో వైరు గుచ్చే పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, అంతకంటే పెద్ద ప్లాన్ ఉన్నవాళ్లు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు చూసుకునే కొనాలి. పై అంతస్తుకు ఇన్వర్టర్ లైను లేక, కరెంటు పోతే అక్కడి బాక్సు ఆగిపోయేది. దానికి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాక ఆ ఇబ్బంది కూడా పోయింది.