వంశధార మొగ దగ్గర విన్న చిమన్ సింగ్ కథ

శ్రీకాకుళం జిల్లా తీరంలో కళింగపట్నం, బారువ రెండూ చూసినవారు సాధారణంగా బారువకే ఓటు వేస్తారు. అక్కడ కొబ్బరితోటల నీడ ఉంది, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు ఉంది. నౌకాదళంలో పనిచేసి విరమించిన మా మావయ్యతో వెళ్లినందువల్ల నాకు మాత్రం కళింగపట్నమే మిన్నగా తోచింది.

ఆయన మమ్మల్ని లైట్‌హౌస్ దగ్గర ఎక్కువసేపు నిలవనీయకుండా వంశధార మొగ వైపు నడిపించి, నది నీరూ సముద్రపు పోటూ ఒకదానినొకటి తోసుకునే చోట చిమన్ సింగ్ యాదవ్ గురించి చెప్పారు. హర్యానాకు చెందిన చిమన్ సింగ్ అధికారి కాదు, భారత నౌకాదళంలో లీడింగ్ సీమన్ హోదాలోని నావికుడు. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధ సమయంలో, నేటి బంగ్లాదేశ్‌లోని మోంగ్లా, ఖుల్నా రేవులపై, ఆ దేశ విముక్తికి పోరాడుతున్న ముక్తివాహినితో కలిసి పడవల మీద సాగిన దాడిలో ఆయన ఉన్నారు. డిసెంబరు 10న మన విమానాలే శత్రు పడవలుగా పొరబడి బాంబులు వేయడంతో ఆ పడవల్లో రెండు మునిగిపోయాయి. ఒంట్లో బాంబు ముక్కలు దిగినా, ఒడ్డునుంచి తూటాలు కురుస్తున్నా, నీళ్లలో అలసిపోతున్న గాయపడిన అధికారి దగ్గరకు ఆయన ఈదుకుంటూ వెళ్లి ఒడ్డు చేర్చారు. అంతటితో ఆగక, శత్రువుల దృష్టి తన మీదికి మళ్లేలా వారి మీదికే దూసుకుపోయి, తోటివారు ఇద్దరు తప్పించుకునే వీలు కల్పించి, తాను పట్టుబడ్డారు. బంగ్లాదేశ్ విముక్తి తరువాతే ఆయనకు చెర వీడింది. మహావీర చక్ర లభించింది. పరమవీర చక్ర తరువాత యుద్ధకాలపు పతకాలలో అదే పెద్దది.

నదీముఖంలో ఈత అంటే ఏమిటో ఎదుట ఆ సుడులు కనిపిస్తుండగా వినడం వేరు. బారువ అందంగానే ఉంటుంది గానీ, ఈ కథకు అక్కడ ఇంత వెడల్పైన నీరు దొరకదు.

బసకు శ్రీకాకుళం పట్టణమే నయం. మేము దిగిన లాడ్జి గదులు ఇరుకైనా పరుపులు శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం అడిగి తెప్పించుకోవలసి వచ్చింది. రైలులో వచ్చేవారు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, పట్టణానికి మరికొంత దూరం ప్రయాణించాలని గుర్తుంచుకోవాలి. కళింగపట్నానికి ఆటో మాట్లాడుకునేటప్పుడు తిరుగు ప్రయాణం కూడా ఖాయం చేసుకోవడం మంచిది, దారిలో శాలిహుండం బౌద్ధ స్తూపాలు కూడా చూసుకోవచ్చు. వృద్ధులు ఉంటే మొగ దాకా ఇసుకలో నడక కష్టమే. మావయ్య అలసిపోయారు గానీ, ఒప్పుకోలేదు.