పన్ను ఊడితే వాడమన్న డబ్బా తెరిస్తే ఖాళీ! ఆ వేసవి డెంటల్ కిట్ జోలికి పోకండి

మొన్న సాయంత్రం జరిగింది. ఇంకా ఒళ్లు మండిపోతోంది, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఏ కిట్టో విడిగా చెప్పక్కర్లేదనుకుంటా. నీలం జిప్ పౌచ్, దాని మీద కళ్లజోడు పెట్టుకుని నవ్వే పన్ను బొమ్మ. సెలవులు మొదలైన దగ్గర్నుంచి ఫోన్ తీస్తే అదే ప్రకటన. బ్రష్, పేస్టు, ఫ్లాస్, ఆటలప్పుడు పళ్లకి తొడుక్కునే మౌత్‌గార్డు, ఆఖర్న "టూత్ సేవర్" డబ్బా. నేను కొన్నది అచ్చంగా ఆ డబ్బా కోసమే. మావాడికి 11 ఏళ్లు, ఎక్కడికెళ్లినా స్కేట్లు వెంట ఉండాల్సిందే. దెబ్బ తగిలి పన్ను ఊడితే డాక్టర్ దగ్గరికి చేరేదాకా పాడవకుండా ఉంచే ద్రవం ఒకటి ఉంటుందని ఎప్పుడో చదివాను. ప్రకటన ఫొటోలో డబ్బా నిండా ద్రవం, అందులో తేలుతున్న పన్ను. ఇంకేం, కొనేశాను. మహా తెలివైనదాన్ని కదా.

మౌత్‌గార్డు దగ్గరే మేలుకోవాల్సింది. మామూలుగా ఆ రకం వేడినీళ్లలో కాసేపు ముంచితే మెత్తబడుతుంది, కొరికి పడితే మన పళ్ల అచ్చు దిగుతుంది. ఇదేమో కాగితం మీద రాసినంతసేపు ముంచినా చెక్కలా అలాగే ఉంది. మూడోసారి ముంచేసరికి ఒక పక్కకి ముడుచుకుపోయింది. మావాడు నోట్లో పెట్టుకుని తీసేసి, "అమ్మా, ఇది గుర్రాలకేమో" అన్నాడు. వాపసు అడిగితే, నోట్లో పెట్టాక వెనక్కి తీసుకునేది లేదన్నారు. నోట్లో పెట్టకుండా పళ్లకి సరిపోయిందో లేదో ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు. అప్పటికే ప్రయాణం మర్నాడు. "సర్లే, అది లేకుండానే ఆడుకో" అన్నాను. ఆ మాటన్న నోటిని ఏంచేసినా పాపం లేదు.

చక్రం కింద చిన్న రాయి. బోర్లా పడ్డాడు. లేచి నోరు తెరిచేసరికి పై వరసలో ముందు పన్ను లేదు. ఏడవడం కూడా మర్చిపోయి "పన్నేదమ్మా?" అని అడుగుతున్నాడు. మా తమ్ముడు నేలంతా వెతికి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. పన్ను ఇంత పొడుగుంటుందని నాకు తెలీదు. పైకి కనపడేదాని కంటే లోపలుండే వేరు ఇంకా పెద్దది. వేరు చుట్టూ సన్నటి ఎర్రటి పొర, దానికి అంటుకున్న నాలుగు ఇసుక రేణువులు.

పౌచ్‌లోంచి డబ్బా తీశాను. సీలు గోటితో చింపి మూత తిప్పాను. పొడి! లోపల ఓ స్పాంజి ముక్క, అదీ పొడే. తలకిందులు చేశాను, ఊపాను. చుక్క లేదు. ఇంటికొచ్చిన రోజు చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపి ఉంటే తెలిసిపోయేది. ఊపలేదు. గడువు తేదీ మాత్రం చూసి మరీ కొన్నాను. అవును, దాని మీద గడువు తేదీ ఉంది. లోపలున్న గాలికి కాబోలు.

పిల్లాడు నెత్తురు కారుస్తుంటే ఆ కంపెనీ నంబరుకి ఫోన్ ఎందుకు చేశానో నాకే తెలీదు. డబ్బాలో ఏదో రహస్యపు అర ఉంటుందని ఆశ పడ్డానేమో. అవతలమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "మేడమ్, మేం డబ్బా అనే రాశాం, ద్రవం అని ఎక్కడా రాయలేదు. ఫొటో అవగాహన కోసం. మీరు మంచినీళ్లు పోసుకుని వాడుకోవచ్చు."

మంచినీళ్లు! ఆ ఒక్క ముక్కకే ఇదంతా రాస్తున్నాను. వేరు మీద కనపడిన ఆ పొరలో ప్రాణమున్న కణాలుంటాయట. పన్ను మళ్లీ ఎముకకి అతుక్కోవాలంటే అవి బతికుండాలి. మంచినీళ్లలో నానితే అవి ఉబ్బి పగిలిపోతాయి. గాలికి వదిలేసినా గంట దాటితే దాదాపు చచ్చినట్టే. అంటే పన్ను కాపాడే డబ్బా అమ్మినవాళ్లే పన్నుని చంపే పద్ధతి చెప్పారన్నమాట, అదీ మేడమ్ మేడమ్ అంటూ.

అదృష్టం, మా తమ్ముడు నా ఫోన్ సంభాషణ వినేదాకా ఆగలేదు. ఎక్కణ్ణుంచో చల్లటి పాలు తెచ్చాడు, పన్ను అందులో వేశాం. 40 నిమిషాల్లో డాక్టర్ దగ్గరున్నాం. ఆవిడ పన్ను కడిగి, చోట్లో కూర్చోబెట్టి, సన్నటి తీగతో పక్క పళ్లకి అంటించారు. 2 వారాలు అలాగే ఉండాలి, మెత్తటి తిండే పెట్టాలి. వేరు పూర్తిగా ఎదిగిపోయింది కాబట్టి ఈ 2 వారాల్లోపే రూట్ కెనాల్, అంటే పన్ను లోపలి నరం తీసేసి పూడ్చడం. టెటనస్ సూది ఎప్పుడు వేయించారో కూడా అడిగారు. పన్ను నిలుస్తుందా అంటే ఇప్పుడే మాటివ్వలేనన్నారు. వేరు నెమ్మదిగా అరిగిపోయే అవకాశం ఉందట, ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలట.

ఇంటికొచ్చి మిగతా కిట్ కూడా తిరగేశాను, ఎటూ కోపంగానే ఉన్నాను కదా. పేస్టులో ఫ్లోరైడ్ లేనే లేదు. పళ్లు పుచ్చకుండా ఆపాలంటే అది కనీసం 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు ఉండాలి. బ్రష్ మూతకి ఒక్క చిల్లు లేదు, తడి బ్రష్ పెట్టి మూసిన రెండో రోజుకే వాసన. అన్నిటికంటే ఘనమైనది సలహాల కాగితం: "కూల్‌డ్రింకులు, స్పోర్ట్స్ డ్రింకులు తాగిన వెంటనే గట్టిగా తోముకోండి." ఆ పులుపుకి పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, మెత్తబడి ఉంటుంది, అప్పుడు తోమితే అరుగుతుంది. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగాకే బ్రష్ పట్టుకోవాలి. ఇది రాసినవాళ్లకి పళ్లున్నాయో లేదో మరి.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. కిట్ ఏదైనా ఇంటికి రాగానే విప్పి ఊపి చూడండి, ప్రయాణం ముందు రాత్రి దాకా ఉంచకండి. పిల్లల పన్ను ఊడితే పైభాగమే పట్టుకోండి, వేరు ముట్టుకోకండి, రుద్దకండి. మట్టి ఉంటే పాలతో కొద్దిగా కడిగి, ధైర్యముంటే వెంటనే దాని చోట్లోనే పెట్టి గుడ్డ కొరికించి పట్టించండి. అదే అన్నిటికంటే మంచిదట, మాకంత ధైర్యం చాలలేదు. లేకపోతే పాలలో వేసి పరిగెత్తండి. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల రాబోయే పన్ను దెబ్బతింటుంది.

ఇది రాస్తుండగానే వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. డబ్బా వెనక్కి పంపితే డబ్బులిచ్చేస్తారట. సీలు చిరగకుండా ఉండాలట.