చప్పట్లు కొట్టి చూసిన ఊళ్లు

లాడ్జిలో గది తాళం చేతికొచ్చాక అందరూ నీళ్లొస్తున్నాయా, ఏసీ పనిచేస్తోందా అని చూస్తారు. నేను తలుపేసి, గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొడతా. ‘టప్’మని అక్కడికక్కడే ఆగిపోతే మంచి గది. ‘టప్ర్‌ర్‌ర్’మని స్ప్రింగు లాగినట్టు గోడల మధ్య మోగిందంటే ఆ గదిలో నిద్రపోవచ్చు గానీ నా పని జరగదు. అనంతపురంలో ఇట్లా కొట్టగానే వరండాలో ఉన్న రూంబాయ్ తలుపు తోసుకుని లోపలికొచ్చి, “పిలిచినారా సార్?” అన్నాడు.

నాది ప్రొద్దుటూరు. ఇంటి మీద గదిలో చిన్న స్టూడియో. కథలు చదివి రికార్డు చేయడం, పెళ్లి వీడియోలకు గొంతివ్వడం, ఎన్నికలొస్తే ప్రచారం ఆటోలకు అరవడం, ఇవి తిండి పెట్టే పనులు. వీటి పక్కనే అవ్వల ఇసుర్రాయి పాటలు, చెక్కభజన పాటలు, ఆడేవాళ్లు తగ్గిపోతున్న ఆటల పాటలు పోగేసుకోవడం ఒక పిచ్చి. ఆ పిచ్చి మీదే మార్చిలో నాలుగు రోజులు గండికోట, బెలుం, అనంతపురం, నిమ్మలకుంట తిరిగొచ్చాను. ఈ ఊళ్ల గురించి కంటికి కనపడేవి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది చెవి లెక్క.

ముందు సామాన్ల సంగతి చెప్పాలి. ఆరేళ్ల కింద అందరిలాగే ఫోకస్‌రైట్ స్కార్లెట్ అనే, మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె, స్టూడియోల్లో వాడే కండెన్సర్ రకం సున్నితమైన మైకు ఒకటి కొన్నా. గొంతు బావిలోంచి వస్తున్నట్టుండేది. తప్పు మైకుదే అనుకుని దాన్ని అమ్మేసి, అదే రకంలో రోడ్ ఎన్‌టీ1 తెచ్చా. మైకుకు తనదంటూ ఒక రొద ఉంటుంది, దీనికది 4.5 డెసిబెల్సే. అంత నిశ్శబ్దమైన మైకు పెడితే పక్కింటి మిక్సీ, వీధి చివర పిండిమర ఇంకా శుభ్రంగా వినపడ్డాయి. బావి బావిలాగే ఉంది. చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే ఆకాశవాణి కడప కేంద్రం మోగేది. 1963 నాటి కేంద్రం. అందులో మాట్లాడేవాళ్లు మన మంచం పట్టె మీద కూర్చుని చెప్తున్నట్టుండేది. ఆ దగ్గరితనం అంతా మైకులోనే ఉందనుకున్నా. సగానికి పైగా గదిలో ఉందని తెలిసేసరికి రెండు మైకుల డబ్బు ఖర్చైపోయింది.

మూడోసారి మైకు జోలికి పోకుండా వడ్రంగిని పిలిచి రెండంగుళాల మందం చెక్క చట్రాలు ఆరు చేయించా. వాటిలో ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న, రాతితో చేసిన ఉన్ని లాంటి రాక్‌వూల్ పలకలు పెట్టి, పైన కాటన్ గుడ్డ బిగించాం. “మంచం లేకుండా పరుపులు చేయిస్తాండావేంది అన్నా?” అన్నాడు వడ్రంగి. గోడకు ఆనించకుండా వెనకాల మూడు నాలుగు అంగుళాల ఖాళీ వదిలి తగిలించాలి. అట్లయితే గొంతులోని కింది స్వరాలను కూడా కొంత మింగుతాయి. ఆ రాత్రి చదివిన కథ విని మా ఆవిడ, “ఇది నీ గొంతేనా?” అంది. అదే మైకు, అదే పెట్టె.

బయట తిరగడానికి కొన్నది జూమ్ ఎఫ్3. అరచేతిలో పట్టే రికార్డరు, రెండు మైకులు తగిలించుకోవచ్చు. దీంట్లో శబ్దం ఎక్కువ తక్కువలు సరిచేసే గెయిన్ గుండీ లేదు. పాత రికార్డరు చెంబు లాంటిది. మెల్లగా మాట్లాడతారని ధార పెంచి పెడితే, హఠాత్తుగా అరిచినప్పుడు పొంగిపోయి ఆ ముక్క బరబరమని చెడేది. చెడిందంటే ఇక బాగుపడదు. ఇది 32-బిట్ ఫ్లోట్ రికార్డరు. గుసగుసనూ డప్పునూ ఒకే ఫైలులో పట్టుకుంటుంది, ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. స్టీరియోలో గంటకు 1.4 జీబీ దాకా తింటుంది, ఆ మాత్రం కార్డు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతుంది. అయితే మైకే తట్టుకోలేనంత చప్పుడైతే ఈ పెట్టె ఏం చేయలేదు. గాలి దెబ్బను కూడా ఇది గొంతంత భద్రంగానే దాచిపెడుతుంది. ఈ సంగతి నాకు గండికోటలో తెలిసింది.

జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు. ఆదివారం పోవడం నేను చేసిన మొదటి తప్పు. సాయంత్రానికి లోయ పక్కన గుడారాలు లేచాయి, గుడారానికొక బ్లూటూత్ స్పీకరు. పెన్నమ్మ ఎర్రమల కొండల్ని కోసి చేసిన అంత గొప్ప లోయ ముందు కూర్చుని సినిమా పాటలు పెట్టుకునేవాళ్లను ఏమనాలో నాకు తెలీదు. రెండో తప్పు, మైకుకు తొడిగే బొచ్చు తొడుగు కారులో మర్చిపోయి స్పాంజి తొడుగుతో నడిచి పోవడం. గదిలో స్పాంజి చాలు. లోయ అంచున అది లేనట్టే. గంటన్నర రికార్డు చేసి రాత్రి వింటే ఎవరో చెవి మీద గోనెసంచి రుద్దుతున్నట్టుంది. నదీ లేదు, గువ్వలూ లేవు.

సోమవారం తెల్లవారుజామున ఐదున్నరకు బొచ్చు తొడుగు వేసి బయల్దేరా. దాన్ని చూసి మా డ్రైవరన్న, “ఏంది సార్, పిల్లిని చంపి తొడిగినారా?” అన్నాడు. ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని చచ్చిన పిల్లి అనే పిలుస్తారంటే నమ్మలేదు. ఆ బొచ్చు గాలిని వెంట్రుక వెంట్రుకకూ చీల్చి నెమ్మది చేస్తుంది, శబ్దాన్ని మాత్రం దాదాపు అట్లనే వదులుతుంది. గుడారాలు నిద్రలో ఉన్నాయి. అంచున నిలబడి చప్పట కొడితే అవతలి గట్టు తాకి తిరిగొచ్చింది. శబ్దం సెకనుకు 343 మీటర్ల దాకా పోతుంది. వచ్చిన జాప్యాన్ని దాంతో గుణించి సగం చేస్తే లోయ వెడల్పు. టేపు అక్కర్లేదు. కోట లోపల జుమ్మా మసీదు దగ్గరున్న ధాన్యాగారంలోకి పోయి కూడా కొట్టండి. కమానులాంటి రాతి కప్పు కింద ఆ చప్పట బయటికి పోలేక అక్కడే తిరుగుతుంది. కథ చదవడానికి పనికిరాదు, ఆలాపనకైతే వేరే ఎఫెక్టులు కలపక్కర్లేదు.

ఉండటానికి కోట దగ్గర్లో పర్యాటక సంస్థ హరిత హోటలుంది. వారం మధ్యలో పోతే రాత్రి నిజంగా రాత్రిలా ఉంటుంది. శని, ఆదివారాలైతే జమ్మలమడుగులో పడుకుని తెల్లారి పోవడం మేలు. తిండికి రాగిసంగటి, నాటుకోడి ఎటూ ఉన్నాయి. గొంతు పనున్న రోజు ఉగ్గాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జీ జోలికి పోకండి. నేను పోయా.

బెలుం గుహలకు ఎన్‌టీ1 తీసుకెళ్లలేదు. గుహలో ఉక్క విపరీతం, పది నిమిషాల్లో చొక్కా పిండొచ్చు. కండెన్సర్ మైకు లోపలి పొర పక్కన తేమ చేరితే పటపటమని పేలుతుంది. అందుకని షూర్ ఎస్‌ఎం58 పట్టుకుపోయా. 1966 నుంచీ వస్తున్న మైకు, మన ఊరి హరికథ దగ్గర్నించి రాజకీయ సభ దాకా చూసేది దాన్నీ దాని నకళ్లనే. దానికి చెమటన్నా తేమన్నా లెక్క లేదు. కొలిచిన గుహ పొడవు 3,229 మీటర్లు. అందులో యాత్రికులకు తెరిచింది కిలోమీటరున్నర. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాసినా, 1982-83లో జర్మన్ బృందం లోపలంతా కొలిచాకే దీని సంగతి జనానికి తెలిసింది. అందరూ సప్తస్వరాల గుహ కోసం పోతారు. పైనుంచి వేలాడే సున్నపురాతి ఊడల్ని వేలి కణుపులతో తడితే లోహం మోగినట్టు మోగుతాయి. నిజమే. కానీ ఒకరు తట్టి వినేలోపు పదిమంది తడతారు, పిల్లలు ఈలలేస్తారు, లోపలికి గాలి పంపే గొట్టాల హోరు వెనకాల ఉండనే ఉంది. నాకు దొరికిన మంచి శబ్దం వేరే చోటిది. ఇరుకు సందులోంచి విశాలమైన గదిలోకి అడుగు పెట్టేటప్పుడు ఆ అడుగు చప్పుడే మారిపోతుంది. సందులో పొడిగా, చెవి దగ్గరగా ఉన్నది ఒక్క అడుగుతో వెనక్కి, పైకి పోతుంది. ఆ మార్పు కోసం అదే సందులో నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ నడిచా. గైడు నన్ను చూసి, “ఏమన్నా పారేసుకున్నారా సార్?” అని టార్చి వేశాడు. కింద 46 మీటర్ల లోతున పాతాళగంగ ఉంది. సన్నటి నీటి చప్పుడు కోసం పొద్దున్నే తలుపులు తెరవగానే పోవాలి. నేను పోయేటప్పటికి పదకొండు.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూశాం, టీ తాగాం, అనంతపురం పోయాం.

అనంతపురంలో పని లేదు, పడుకోవడమే. కానీ సాయంత్రం ఒక బట్టల కొట్టు ఆయన ఫోన్ చేసి, నేను ముందే ఇచ్చిన ప్రకటనలో డిస్కౌంటు అంకె మారిందనీ రాత్రి తొమ్మిదికల్లా మళ్లీ కావాలనీ పట్టుబట్టాడు. గంటకు 600 అద్దెకు ఒక స్టూడియో ఉందంటే ఆటో పట్టుకుని పోయా. పేరు ఎందుకులే. లోపల ఎర్ర లైట్లు, గోడ నిండా కోడిగుడ్ల అట్టలు. మైకు మాత్రం నాదానికంటే నాలుగింతల ఖరీదుది. చప్పట కొడితే ‘టప్ర్‌ర్‌ర్’. ఆ అట్టలు పై సన్నటి శబ్దాల్ని కాస్త చెదరగొడతాయేమో గానీ గొంతును మింగేంత దళసరి కావు. నేనూ ఒకప్పుడు అతికించినవాణ్నే కాబట్టి నవ్వలేదు. ఏసీ ఆపమంటే “ఆపితే ఉండలేం సార్” అన్నారు. హెడ్‌ఫోన్లలో ‘ఊఁ’ అని సన్నటి హమ్ము కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఎర్తింగ్ సరిగా లేకపోతే అది వైర్లలోంచి పాడుతూనే ఉంటుంది. ఆరు వందలూ ఇచ్చి, ఏమీ రికార్డు చేయకుండా లాడ్జికి తిరిగొచ్చా.

లాడ్జి బస్టాండుకు రెండు వీధుల అవతల, రోజుకు 1,200. గదిలో పరుపు మందంగా ఉంది, కిటికీకి బరువైన పరదా ఉంది, గోడలు ఎదురెదురుగా బోసిగా ఉన్నాయి. ఇంటర్‌కమ్‌లో నాలుగు దుప్పట్లు అడిగా. ఆ అబ్బాయి వచ్చి, “ఈ ఎండల్లో దుప్పట్లా సార్? జొరమా?” అని నుదురు చూడబోయాడు. రెండు దుప్పట్లు తెరిచిన బీరువా తలుపుల మీద, రెండు నా వెనకాల కుర్చీల మీద పరిచా. బీరువాకు ఎదురుగా నిలబడి, ఫ్యాను కట్టేసి, మైకుకు జానెడు దూరంలో ప్రకటన చదివా. చెమట కాగితం మీద పడుతోంది. వెనకాల నిలబడిన అబ్బాయి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు, ఫైలులో అతని ఊపిరి కూడా లేదు. తొమ్మిదికి పది నిమిషాల ముందు పంపించా. బట్టల కొట్టాయన “ఏ స్టూడియో అన్నా?” అని అడిగాడు. చెప్పలేదు.

ఆ లాడ్జికి మళ్లీ పోతా. లిఫ్టు నెమ్మది, వేడినీళ్లు ఏడు దాటితే రావు, కానీ జనరేటరు భవనం వెనకాల దూరంగా పెట్టారు. అంతకుముందు ఒకసారి కడపలో దిగిన లాడ్జిలో జనరేటరు సరిగ్గా నా కిటికీ కింద ఉండేది. గది తీసుకునేటప్పుడు రోడ్డు వైపా వెనక వైపా అని అడిగే మనం, జనరేటరు ఎటువైపు అని అడగం.

నాలుగో రోజు నిమ్మలకుంట. ధర్మవరం దగ్గరి ఊరు. తోలుబొమ్మలాట కళాకారుల కుటుంబాలుండే చోటు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. ఇప్పుడు చాలా ఇళ్లలో తోలు మీద దీపపు తొడుగులు, గోడ బొమ్మలు చేస్తున్నారు. ఆటకు పిలుపు తక్కువ, తొడుగులకు గిరాకీ ఎక్కువ. ముందే ఫోన్లో మాట్లాడుకుని, ఒక గంట ఆటకు వాళ్లు అడిగినంత ఇచ్చా. అక్కడికి పోయి బేరమాడొద్దు, గంట టైమే చేతిలో ఉంచుకుని పోవద్దు, రోజంతా ఉంచుకోండి.

ఇంట్లో మరాఠీ కలిసిన మాట, తెర వెనక నిఖార్సైన తెలుగు పద్యం. తెల్లగుడ్డ తెర, వెనకాల దీపం, హార్మోనియం, మద్దెల, తాళాలు. కాళ్ల కింద చెక్క పలకలు. యుద్ధం వచ్చినప్పుడు బొమ్మను ఆడించే చేతులతో పాటు కాళ్లతో ఆ పలకల మీద తొక్కుతారు, గజ్జెల మీదుగా వచ్చే ఆ చప్పుడే రథం, అదే గద. మూడేళ్ల కింద పాత రికార్డరుతో ఇలాంటి ఆటే ఒకటి పట్టా. పద్యానికి సరిపోయేట్టు పెట్టుకుంటే మొదటి తొక్కుడుకే పగిలిపోయింది. తొక్కుడుకు పెట్టుకుంటే ఆటలో నవ్వించే జంట బంగారక్క, కేతిగాడి సరసం వినపడనే లేదు. ఈసారి ఒక మైకు పాడేవాళ్ల పైన, ఇంకోటి పలకల నుంచి రెండడుగుల దూరంలో నేల మీద పెట్టి మీట నొక్కి పక్కకు కూర్చున్నా. రికార్డరు వైపు చూడలేదు. ఈ పని మొదలుపెట్టాక ఒక ఆట మొత్తం తెరవైపు చూస్తూ కూర్చోవడం ఇదే మొదటిసారి.

ఆట అయ్యాక హెడ్‌ఫోన్లు పెద్దాయనకు పెట్టా. కేతిగాడి గొంతు ఆయనదే. మొదట నవ్వాడు, తర్వాత కళ్లు మూసుకున్నాడు. యుద్ధం దగ్గరికి రాగానే చేయెత్తి, “ఆపు నాయనా. మళ్లీ పెట్టు,” అన్నాడు. మళ్లీ పెట్టా. మూడోసారి కూడా అడిగాడు.

“బాగలేదా తాతా?” అన్నా.

“నీది బాగనే ఉండాది. ఎడమ పక్క పలక వదులైంది సూడు. నలభై ఏండ్లుగా తొక్కుతాండా, నాకే తెలీలా,” అని హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, సుత్తి ఎక్కడుందని లోపలికి కేకేశాడు.