ఒంటరి గిటారా, నిండు బ్యాండా? జేసన్ ఇజ్బెల్ రెండు ఆల్బమ్‌లు

అమెరికా గాయకుడు, పాటల రచయిత జేసన్ ఇజ్బెల్‌ను కొత్తగా వినేవారికి ముందుగా ఏ ఆల్బమ్ చెప్పాలన్నది 2025 మార్చి దాకా నాకు ప్రశ్నే కాదు. 2023లో వచ్చిన ‘వెదర్‌వేన్స్’ అనేవాణ్ణి. ఆ మార్చిలో ‘ఫాక్సెస్ ఇన్ ద స్నో’ వచ్చి చిక్కు తెచ్చిపెట్టింది. మొదటిదానిలో ఆయన వెనుక ‘ది 400 యూనిట్’ బ్యాండ్ ఉంది. రెండవదానిలో ఎవరూ లేరు. రెండూ ఆయన సొంత లేబుల్ నుంచి వచ్చినవే కాబట్టి, పెద్ద కంపెనీ ఎవరో ఇలా చేయమన్నారని అనుకోవడానికి లేదు. (బ్యాండ్ పేరు అలబామాలోని ఒక ఆసుపత్రి మానసిక చికిత్స విభాగానిది. ఈ మనిషి హాస్యం కొంచెం చేదు.)

ఒంటరి ఆల్బమ్‌ను న్యూయార్క్‌లో, ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో, ఐదు రోజుల్లో ముగించారు. వాద్యమంటూ ఉన్నది 1940 నాటి చిన్న మార్టిన్ గిటార్ ఒక్కటే. మొదటి పాట ఆ గిటార్ కూడా లేకుండా ఉత్త గొంతుతో మొదలవుతుంది. హార్మోనియం శ్రుతి అందకముందే పద్యం ఎత్తుకున్న నటుణ్ణి చూసినట్టు వినేవాడికే గుండె దడ. తీగ మీద వేలు జారినా, ఊపిరి తడబడినా దాచడానికి డ్రమ్స్ లేవు. పాటల్లో విడిపోయిన కాపురం, కొత్త ప్రేమ పక్కపక్కనే ఉంటాయి. ఇలాంటి మాటలకు ఈ బోడితనం సరిపోయింది. అయితే పదకొండు పాటలూ వరుసగా వింటే, ఏడెనిమిది దాటాక చెవికి మార్పు కావాలనిపిస్తుంది. అది నాకు ప్రతిసారీ జరుగుతోంది.

‘వెదర్‌వేన్స్’లో ఆయన ఎక్కువగా ఇతరుల బతుకుల్లోకి వెళతాడు. ‘కింగ్ ఆఫ్ ఓక్లహోమా’లో దెబ్బ తగిలి నొప్పి మాత్రలకు అలవాటుపడ్డ కార్మికుడు రాగి తీగ దొంగతనానికి దిగుతాడు. ఇంట్లో భార్య వెళ్లిపోతానంటోంది. ఈ కథను ఒక్క గిటార్‌తో చెబితే జాలి మిగులుతుంది. సాడ్లర్ వేడెన్ ఎలక్ట్రిక్ గిటార్, చాడ్ గాంబుల్ డ్రమ్స్ వచ్చి చేరాక ఆ మనిషి ఒకప్పటి పొగరు కూడా వినిపిస్తుంది. ఇంకో పాటలో బడుల్లో కాల్పుల వార్తలకు బెదిరిపోయిన తండ్రి ఉన్నాడు. అక్కడ భయాన్ని మాటల కంటే వాద్యాలే ముందు చెబుతాయి. పదమూడు పాటలు కొంచెం ఎక్కువే, ఒకటి రెండు తగ్గించినా నష్టం లేదు. దీనికి 2024లో ఉత్తమ అమెరికానా (జానపదం, కంట్రీ, రాక్ కలిసిన అమెరికన్ సంగీతం) ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది.

నా ఓటు ఇప్పటికీ ‘వెదర్‌వేన్స్’కే. ఇజ్బెల్ బలం కథ చెప్పడంలో ఉంది, బ్యాండ్ ఆ కథలో ఇంకో పాత్ర అవుతుంది. కానీ ఒక్క పాట దగ్గర ఈ తీర్పు చెల్లదు. ఒంటరి ఆల్బమ్‌లోని ‘గ్రావెల్‌వీడ్’లో, తన పాత ప్రేమపాటల అర్థం ఇప్పుడు మారిపోయిందని ఆయన క్షమాపణ అడుగుతాడు. దానికి ముందు, తాగుడు మానేసిన కొత్తల్లో, అప్పుడు కాబోయే భార్య, ఇప్పుడు విడిపోయిన ఆమె కోసం రాసుకున్న, 2013లో వచ్చిన ‘కవర్ మీ అప్’ వినాలి. వెంటనే ‘గ్రావెల్‌వీడ్’ పెట్టండి, మధ్యలో ఇంకేదీ వద్దు.